మొదటి పూర్తి జీతం దాకా 42 రోజులు: నెల్లూరు మెట్ట కుర్రాళ్ల ఎలక్ట్రీషియన్ బ్యాచ్‌పై కేస్ స్టడీ

ఉచితంగా భోజనం పెట్టి, వసతి ఇచ్చి, మూడు నెలలు పని నేర్పి, కంపెనీ గేటు దాకా తీసుకెళ్లి చేర్పించిన కుర్రాడు రెండో నెల నిండకుండానే ఊళ్లో రచ్చబండ దగ్గర కనిపిస్తాడు. ఎందుకొచ్చేశావంటే "తిండి పడలేదన్నా" అంటాడు. శిక్షణ కేంద్రంలో ఫైలు మీద "వ్యక్తిగత కారణాలు" అని రాసుకుంటారు. విడిగా కూర్చోబెట్టి ఏ రోజుకు చేతిలో ఎంతుందో వరసగా అడుగుతూ పోతే అసలు సంగతి బయటపడుతుంది. డబ్బులైపోయిన రోజుకూ జీతం పడే రోజుకూ మధ్య పది పదిహేను రోజుల ఎడం ఉంది. ఆ ఎడంలో బస్సెక్కేశాడు.

రెసిడెన్షియల్ శిక్షణలో ఏం చేసినా ఆ ఎడాన్ని దృష్టిలో పెట్టుకుని చేయాలన్నది ఈ కేసు చెప్పే విషయం. బ్యాచ్ ఏ నెలలో మొదలుపెట్టాలి, ఎవరిని తీసుకోవాలి, బ్యాంకు ఖాతా ఎప్పుడు సరిచేయాలి, ఏ తేదీన ఉద్యోగంలో చేర్చాలి అన్నవన్నీ మొదటి పూర్తి జీతం పడే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఇక్కడ కేంద్రానికీ కుర్రాళ్లకూ పేర్లు పెట్టలేదు. ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం, మర్రిపాడు వైపు నుంచి వచ్చే బ్యాచ్‌ల తీరును 35 మంది ఉన్న ఒకే బ్యాచ్‌గా కుదించి రాసిన కేసు ఇది. జీతం, అద్దె, మెస్ అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికి పెట్టినవి. మీ కంపెనీ అంకెలు వేసుకుని మళ్లీ కట్టుకోవాలి.

ఎవరొస్తారు, ఏ పథకంలో వస్తారు

మెట్ట మండలాల్లో వాన పడితే సేద్యం, లేకపోతే బేల్దారి పని. తండ్రి మేస్త్రి వెంట బెంగళూరుకో చెన్నైకో వెళ్లి ఉంటాడు, తల్లి పొదుపు సంఘంలో ఉంటుంది. కుర్రాడు పదో తరగతి గట్టెక్కి ఇంటర్‌లో ఆగిపోయి ఉంటాడు. కోస్తా మండలాల నుంచి కొందరు యానాది కుర్రాళ్లు వస్తారు. వాళ్లకు చదువు కన్నా కాగితాలతోనే ఎక్కువ ఇబ్బంది.

గ్రామీణ పేద యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే ప్రధాన పథకం 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉపాధి సంస్థ సీడాప్ నడిపిస్తుంది. 2016 మార్గదర్శకాల ప్రకారం 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు అర్హులు. మహిళలకు, మరికొన్ని వర్గాలకు 45 దాకా సడలింపు ఉంది. మూడు నెలల కోర్సంటే 576 గంటలు. అందులో కనీసం 160 గంటలు ఇంగ్లిష్, కంప్యూటర్, సాఫ్ట్ స్కిల్స్‌కు పోతాయి. శిక్షణ పొందిన వాళ్లలో 70 శాతానికి ఉద్యోగం చూపించాలి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల దారి వేరు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా అది. అక్కడా వసతి, భోజనం ఉచితమే. కానీ కోర్సులు చిన్నవి, లక్ష్యం సొంత పని, తర్వాత రెండేళ్లు వెన్నంటి ఉంటారు. ఊళ్లోనే మోటారు వైండింగ్ షాపు పెట్టుకుంటానని గట్టిగా అనే కుర్రాడిని 576 గంటల బ్యాచ్‌లో కూర్చోబెట్టడం అనవసరం. మొదటి రోజే అటు పంపించాలి.

బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలి

రోజుకు 8 గంటల చొప్పున 576 గంటలంటే 72 పని దినాలు. వారానికి ఆరు రోజుల లెక్కన 12 వారాలు. ఈ 12 వారాలను క్యాలెండర్‌లో ఎక్కడ పెడతామన్నది సిలబస్ కన్నా ముఖ్యం.

జూన్‌లో మొదలుపెడితే సీట్లు సులువుగా నిండుతాయి. కానీ డిగ్రీ, ఐటీఐ అడ్మిషన్లు నడుస్తుంటాయి గనక నాలుగో వారంలో సీటొచ్చిందని ఇద్దరు, ఆరో వారంలో ఇంకో ముగ్గురు లేచిపోతారు. సెప్టెంబరులో మొదలుపెడితే ఆ బెడద లేదు, శిక్షణ సాఫీగా సాగుతుంది. దెబ్బ తర్వాత తగులుతుంది. డిసెంబరు మొదట్లో ఉద్యోగంలో చేరిన వాళ్లు అయిదారు వారాలకే సంక్రాంతికి ఇంటికొస్తారు. తమిళనాడు ఫ్యాక్టరీలకూ అవే రోజుల్లో పొంగల్ సెలవులు కాబట్టి రావడానికి అడ్డేమీ ఉండదు. కనుమ వెళ్లాక తిరుగు బస్సెక్కడమే కష్టం. అప్పటికి చేతిలో పడేది పూర్తి జీతం కూడా కాదు, అదీ పండక్కే అయిపోతుంది. గది అద్దె బాకీ అలాగే ఉంటుంది.

సంక్రాంతి అయిన వారంలో మొదలుపెట్టడం మేలు. ఏప్రిల్ రెండో వారానికి శిక్షణ, అసెస్‌మెంటు అవుతాయి, నెలాఖరుకు చేరికలు. తర్వాతి పెద్ద పండగ వినాయక చవితి, అప్పటికి మూడు నాలుగు జీతాలు పడి ఉంటాయి. మధ్యలో పెంచలకోన బ్రహ్మోత్సవాలు, నర్రవాడ వెంగమాంబ ఉత్సవాలు ఉన్నాయి. ఈ రెంటికీ వెళ్లొద్దని చెబితే వినరు, చెప్పకూడదు కూడా. ఆ తేదీలు ముందే కంపెనీలో సిబ్బందిని చూసే హెచ్ఆర్‌కు ఇచ్చి, ఒకేసారి అందరూ కాకుండా విడతలుగా సెలవు అడిగి పెట్టాలి.

చేర్చుకునే ముందు రెండు రోజులు

ఊరూరా తిరిగి సంతకాలు తీసుకుని సీట్లు నింపే పద్ధతిలో నష్టం ఏమిటంటే, ఎలక్ట్రీషియన్ అంటే ఇంట్లో ఫ్యాను బిగించడం అనుకుని వచ్చేవాళ్లు కొందరుంటారు. 35 సీట్లకు 50 మందిని రెండు రోజులు కేంద్రంలోనే ఉంచి చూడాలి. ఖర్చు రెండు రోజుల భోజనమే.

మొదటి పరీక్ష రంగులది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, పసుపు, నీలం వైరు ముక్కలు కలిపి పోసి, మసక వెలుతురులో వేరు చేయమనాలి. ఎరుపు ఫేజు, ఆకుపచ్చ ఎర్తు. ఈ రెంటినీ తడబడే కళ్లకు ఈ పని ప్రాణాంతకం. కంపెనీ మెడికల్‌లో ఎలాగూ తేలుతుంది, అప్పటికి మూడు నెలలు వృథా అయి ఉంటాయి. రెండోది నిచ్చెన. పన్నెండు అడుగుల నిచ్చెనెక్కి రెండు చేతులూ వదిలి హోల్డర్ బిగించాలి. కాళ్లు వణికితే తప్పేమీ లేదు, వేర్‌హౌస్ లాంటి వేరే కోర్సు చూడాలి. మూడోది పరీక్ష కాదు, ఒక ప్రశ్న. చెన్నై వైపు ఫ్యాక్టరీలున్న శ్రీపెరంబుదూరు, ఒరగడం, శ్రీసిటీ, తడ, వీటిలో ఎక్కడికి పోతావు, ఎక్కడికి పోలేవు? ఈ ప్రశ్న కుర్రాడిని ఒక్కడినే అడిగితే "ఎక్కడికైనా" అంటాడు. తల్లి పక్కన కూర్చున్నప్పుడు అడగాలి. ఆమె ముఖం చూస్తే జవాబు తెలిసిపోతుంది. తండ్రి వలస పనిలో ఉంటే ఫోన్లో లైన్లోకి తీసుకోవాలి. పదకొండో వారంలో "మా నాయన వద్దంటున్నాడు" అనే మాట రాకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

కాగితాలు: మొదటి వారంలోనే

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలుండదు. ఈ మూడూ కలవకపోతే పీఎఫ్ ఖాతా నంబరు పుట్టదు, పుట్టినా డబ్బు తీసుకునేటప్పుడు ఆగిపోతుంది. మెమో మార్చడం నెలల పని గనక ఆధార్‌నూ బ్యాంకునూ మెమోకు సరిపెట్టడం తేలిక. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది, లేదా మేనమామ సిమ్ము అయి ఉంటుంది. ఓటీపీ రాదు. మొదటి శనివారమే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి నంబరు మార్పించాలి.

చాలా కేంద్రాలు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాలు) లేకుండా తెరిచిన చిన్న ఖాతాలు. వాటిలో ఏడాదికి మొత్తం జమ లక్ష రూపాయలు దాటకూడదు, నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000కు మించి తీయకూడదు. మొదటి పూర్తి జీతం 10,500 పడినా ఒకే నెలలో అంతా తీయలేడు. పది నెలల తర్వాత లక్ష దాటి, జీతం జమ కావడమే ఆగిపోతుంది. కుర్రాడు కంపెనీని తిడతాడు, కంపెనీ బ్యాంకును అడగమంటుంది, బ్యాంకు ఆధార్ తీసుకుని సొంతూరి శాఖకే రమ్మంటుంది. ఒక రోజు పని పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. శిక్షణలో ఉండగా ఒక పూటలో అయ్యే పని ఇది.

మెమో లేని యానాది కుర్రాళ్ల విషయంలో వయసు రుజువు, కుల ధ్రువీకరణ రెండూ గ్రామ సచివాలయం నుంచి మొదలుపెట్టాలి. శిక్షణ మొదలయ్యాక కాకుండా కనీసం నెల ముందు మొదలుపెడితేనే సీటు వాళ్లకు దక్కుతుంది.

వసతి: లెక్కతో నడిచే భాగం

కేంద్రం ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఒక ఉచ్చు ఉంది. భోజన వసతి రేటు ఊరి తరగతిని బట్టి ఉంటుంది. నైపుణ్య శిక్షణ పథకాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన 2015 కామన్ నార్మ్స్‌లో ఒక్కొక్కరికి రోజుకు వై తరగతి నగరంలో 250, గ్రామీణ ప్రాంతంలో 175 రూపాయలు. అంకెలు ఆ తర్వాత మారినా తరగతుల తేడా అలాగే ఉంటుంది. నెల్లూరు వై తరగతిలో ఉంది. అద్దె తక్కువని ఊరి బయట పంచాయతీలోకి వెళితే మనిషికి రోజుకు 75 రూపాయలు తగ్గుతాయి. 35 మందికి 84 రోజులంటే 2,20,500 రూపాయలు. నెలకు 73,500 కన్నా ఎక్కువ అద్దె మిగిలితేనే ఊరి బయటికి పోవడంలో అర్థముంది. మిగలకపోతే ఆ కోత చివరికి కంచంలో పడుతుంది, పప్పు నీళ్లవుతుంది.

బియ్యం పూటకు మనిషికి 200 గ్రాములు పట్టాలి. ఈ వయసు కుర్రాళ్లు, అందులోనూ అన్నం మీద బతికే జిల్లా. రెండు పూటలకు 35 మందికి 14 కిలోలు, 84 రోజులకు 1,176 కిలోలు. కందిపప్పు పూటకు 50 గ్రాముల చొప్పున 1.75 కిలోలు. వారానికి మూడు రోజులు గుడ్డు, ఆదివారం కోడికూర. ఆదివారం కూర ఒక్కటి ఆపి చూడండి, సోమవారం హాజరులో తేడా తెలుస్తుంది. సన్నబియ్యం కొనే స్తోమత లేకపోతే ముందే చెప్పాలి. దొడ్డుబియ్యం పెట్టి సన్నబియ్యం బిల్లు పెడితే మూడో రోజుకే పిల్లలకు తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు.

నీళ్లు మనిషికి రోజుకు 135 లీటర్లు, మొత్తం 4,725. అయిదు వేల లీటర్ల ట్యాంకు ఒక్క రోజుకే వస్తుంది గనక మార్చి దాటాక బోరు ఎండితే ట్యాంకరు ఎవరు పంపుతారో జనవరిలోనే మాట్లాడుకోవాలి. ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా 90 నిమిషాలు. మనిషికి పది నిమిషాలైతే 350 నిమిషాలు కావాలి, అంటే నాలుగు స్నానపు గదులు. మూడే ఉంటే చివరి ఎనిమిది మంది రోజూ టిఫిన్ మానేసి క్లాసుకు వస్తారు. పదకొండింటికి కళ్లు తిరిగి పడిపోయేది వాళ్లలో ఒకరే. అమ్మాయిల బ్యాచ్‌లో దీనికి రక్తహీనత తోడవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. మొదటి వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించి ఐరన్ మాత్రలు మొదలుపెడితే పన్నెండు వారాల్లో మార్పు కనిపిస్తుంది.

ఫోను పూర్తిగా లాక్కుంటే అయిదో రోజుకు సగం గది ఖాళీ అవుతుంది. పూర్తిగా ఇచ్చేస్తే రాత్రి రెండింటిదాకా గేములు. క్లాసు వేళల్లో పేర్లు రాసిన సంచుల్లో పెట్టించి, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఇవ్వడం నడిచే పద్ధతి. మూడో రోజు, నాలుగో రోజు మాత్రం మధ్యాహ్నం కూడా ఇవ్వాలి. ఇంటి బెంగ అప్పుడే ముదురుతుంది. తల్లితో పది నిమిషాలు మాట్లాడిన వాడు ఉంటాడు, మాట్లాడనివ్వకపోతే గోడ దూకుతాడు.

పదో వారం మొత్తం క్లాసులను మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదికి మార్చాలి. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు అంటే ఏమిటో, పదకొండింటికి తిని ఎలా పడుకోవాలో ఒళ్లు ఇక్కడే నేర్చుకుంటుంది. నిలబడి పనిచేయడం అలవాటయ్యేలా ఆ వారం కుర్చీలు తీసేయాలి. వంటవాళ్లు గొణుగుతారు. వాళ్లకు ఆ వారానికి అదనంగా కొంత ఇవ్వాలి.

పని నేర్పే తీరు

ఇద్దరికి ఒక ప్లైవుడ్ బోర్డు చొప్పున 18 బోర్డులు. వైరు కాయిలు 90 మీటర్లు. ఒక్కో జాబ్‌కు, అంటే ఒక్కో అభ్యాసానికి, బోర్డుకు దాదాపు 12 మీటర్లంటే 216 మీటర్లు, రెండున్నర కాయిళ్లకు దగ్గర. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎరుపు మూడు, నలుపు మూడు, ఆకుపచ్చ రెండు కాయిళ్లు, 2.5ది ఒక్కో రంగుకు ఒకటి పెట్టుకుంటే, విప్పిన వైరునే మళ్లీ వాడుతూ బ్యాచ్ గడిచిపోతుంది. ముక్క అరచేతి కన్నా చిన్నదయ్యాక పారేయాలి. మిగిలిన ముక్కలు మెలితిప్పి టేపు చుట్టి వాడుకునే అలవాటు ఇక్కడే మొదలవుతుంది, తర్వాత ఇళ్లలో కాలే జాయింట్లు అవే. లైటింగ్‌కు 1.5, పదహారు ఆంపియర్ల సాకెట్‌కు 2.5, ఏసీకి 4 అన్న లెక్క నోటికొచ్చేదాకా చెప్పించాలి.

తప్పులు కొత్తగా ఏమీ ఉండవు, ప్రతి బ్యాచ్‌లో అవే. స్విచ్‌ను ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పెడతారు. బల్బు వెలుగుతుంది, ఆరుతుంది కాబట్టి సరిగ్గానే చేశామనుకుంటారు. స్విచ్ ఆపాక హోల్డర్‌లో టెస్టర్ పెట్టిస్తే వెలుగుతుంది, అప్పుడు అర్థమవుతుంది. ఇన్సులేషన్ పది పన్నెండు మిల్లీమీటర్లు తీయాల్సింది పాతిక తీస్తారు, స్క్రూ బయట రాగి పోగులు వేలాడుతుంటాయి. స్క్రూ వదులుగా బిగిస్తారు, లోడు పడ్డాక అక్కడ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. బోర్డులన్నిటికీ సరఫరా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) గుండానే రావాలి. ఒక బోర్డులో న్యూట్రల్, ఎర్తు కలిపేస్తే క్లాసంతా ట్రిప్ అవుతుంది. దాన్ని ఇన్‌స్ట్రక్టర్ సరిచేసేయకూడదు. 18 బోర్డులను ఒక్కొక్కటిగా విడదీస్తూ తప్పున్నదాన్ని వాళ్లే పట్టుకోవాలి. మధ్యాహ్నమంతా పట్టినా ఫర్వాలేదు.

కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు. బల్బులు తీసేసి, స్విచ్‌లన్నీ ఆన్‌లో పెట్టి, ఫేజు న్యూట్రల్ కలిపి ఎర్తుకు 500 వోల్టులతో చూడాలి. ఒక మెగా ఓమ్‌కు తగ్గితే సరఫరా ఇవ్వకూడదు. ఈ అంకెను ప్రతి జాబ్ కింద రాసి సంతకం పెట్టిస్తే ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక పుస్తకం తయారవుతుంది. ఏ సర్టిఫికెట్ కన్నా మెయింటెనెన్స్ ఇంజినీర్లు దాన్నే తిరగేస్తారు.

మెట్ట కుర్రాళ్లకు మోటారు స్టార్టరు కొత్త కాదు. పొలంలో బోరు మోటారు ట్రిప్ అవుతుంటే ఓవర్‌లోడ్ రిలే (ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపేది) పెంచడం, ఫ్యూజు బదులు వైరు ముక్క కట్టడం చిన్నప్పటి నుంచి చూశారు. అయిదు హార్స్‌పవర్ త్రీఫేజు మోటారు పూర్తి లోడులో దాదాపు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, రిలే అక్కడే ఉండాలి. పదిలో పెడితే రిలే పడదు, మోటారు కాలుతుంది. ఊళ్లో రివైండింగ్‌తో పోతుంది గానీ ఫ్యాక్టరీలో రక్షణ పరికరాన్ని బైపాస్ చేశాడంటే ఉద్యోగమే పోతుంది. ఈ అలవాటు పోగొట్టడానికి విడిగా రెండు రోజులు కేటాయించాలి. ఎర్తు పిట్ కూడా ఇక్కడే తవ్వించాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు. తీరం వైపు తడి నేలలో సులువుగా వచ్చే రీడింగు ఉదయగిరి రాతి నేలలో ఎందుకు రాదో మీటరు చూపిస్తేనే మనసుకెక్కుతుంది.

160 గంటల్లో ఇరవై గంటలైనా మాట్లాడే తమిళానికి తీయాలి. ఒరగడంలో సూపర్‌వైజరు మాట్లాడేది తమిళమే. నిరుత్తు (ఆపు), జాగ్రతై (జాగ్రత్త), కరెంట్ ఆఫ్ పణ్ణు (ఆఫ్ చెయ్యి) లాంటివి మొదటి రోజు నుంచే కావాలి. ఇంగ్లిష్‌లో స్వీయపరిచయం బట్టీ పట్టించడం కన్నా ప్యానెల్ మీద ఉండే ట్రిప్, రీసెట్, ఐసొలేటర్, ఎమర్జెన్సీ స్టాప్ చదివించడం అవసరం. ఎనిమిది, తొమ్మిది వారాల్లో నెల్లూరు చుట్టుపక్కల రైస్‌మిల్లుల్లో, అపార్టుమెంటు సైట్లలో ఆన్ ద జాబ్ శిక్షణ. మిల్లు దుమ్ములో ప్యానెల్ శుభ్రం చేయడం క్లాసులో నేర్పలేం.

ఒక్క మాట సూటిగా చెప్పాలి. ఈ మూడు నెలల సర్టిఫికెట్ వైర్‌మన్ పర్మిట్ కాదు, రెండేళ్ల ఐటీఐకి సమానమూ కాదు. అసిస్టెంటుగా చేరతావని మొదటి రోజే చెప్పకపోతే చివరి రోజు గొడవవుతుంది.

ఆఫర్ లెటరు, జీతం చీటీ

లెటరు మీద ముందు చూడాల్సింది ఎవరి పేరుందన్నది. కంపెనీదా, కాంట్రాక్టరుదా? తర్వాత, అది జీతమా స్టైపెండా? అప్రెంటిస్‌గా తీసుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. అది చెడ్డదని కాదు, కానీ జ్వరమొస్తే ఈఎస్ఐ ఆసుపత్రి లేదని ముందే తెలియాలి.

జీతం 14,500 అన్నారనుకుందాం. అందులో బేసిక్, డీఏ కలిపి 10,000. పీఎఫ్ 12 శాతం 1,200. ఈఎస్ఐ మొత్తం మీద 0.75 శాతం 109. క్యాంటీన్ 600, డార్మిటరీ 2,000. చేతికొచ్చేది 10,591. ఈ చీటీ శిక్షణలో చూడని కుర్రాడికి మొదటి జీతం రోజున నాలుగు వేలు కొట్టేశారనిపిస్తుంది, ఇంటికి ఫోను చేస్తాడు, తండ్రి కేంద్రానికి ఫోను చేస్తాడు. ఖాళీ చీటీ ఇచ్చి వేరు వేరు జీతాలతో కనీసం పదిసార్లు కట్టించాలి. తల్లిదండ్రులొచ్చే ఆదివారం వాళ్ల ముందే కట్టించాలి.

అసలు ఎడం

చాలా ఫ్యాక్టరీల్లో హాజరు నెల 26 నుంచి 25 దాకా, జీతం తర్వాతి నెల 7న. ఏప్రిల్ 20న చేరిన వాడికి మే 7న ఆరు రోజుల డబ్బు పడుతుంది, మొదటి పూర్తి జీతం జూన్ 7న. అంటే 48 రోజులు. ఏప్రిల్ 26న చేరినా పూర్తి జీతం జూన్ 7నే, కానీ 42 రోజులు. కేంద్రాలు శిక్షణ అయిన మర్నాడే బస్సెక్కించాలని తొందరపడతాయి, ప్లేస్‌మెంటు అంకె తొందరగా కనబడాలని. హాజరు నెల ఎప్పుడు మొదలవుతుందో హెచ్ఆర్‌ను అడిగి, ఆ రోజుకు సరిగ్గా చేర్చడం పైసా ఖర్చులేని పని.

ఇప్పుడు 42 రోజుల ఖర్చు. అయిదుగురు కలిసి గది తీసుకుంటే అద్దె 7,500, మూడు నెలల అడ్వాన్సు 22,500. తలా 4,500 అడ్వాన్సు, రెండు నెలల అద్దె 3,000. ఒక పూట క్యాంటీన్ పోగా మిగతా తిండి రోజుకు 80 చొప్పున 3,360. చాప, బకెట్, దుప్పటి 800. ప్రయాణం 300, రీచార్జి 350. మొత్తం 12,310. మెట్ట ఊరి నుంచి మూడు వేలు జేబులో పెట్టుకుని బయల్దేరిన వాడు ఎక్కడ ఆగుతాడో చెప్పనక్కర్లేదు. ఇదే మనిషిని మొదటి రెండు నెలలు కంపెనీ డార్మిటరీలో ఉంచితే అడ్వాన్సు, అద్దె 7,500 పోయి 4,810తో గడుస్తుంది. డార్మిటరీ డబ్బు జీతంలోంచి తర్వాత పోతుంది. స్నేహితులంతా కలిసి గది తీసుకుందామని ఉబలాటపడతారు. మూడో నెల తీసుకోవచ్చని గట్టిగా చెప్పి ఆపాలి.

ఆ అయిదు వేలు ఎక్కడి నుంచి? పథకంలో ఉద్యోగం తర్వాత నెలనెలా కొంత సాయం ఉంది. రుజువులు పెట్టాక వచ్చేది గనక మొదటి 42 రోజుల లెక్కలో వేసుకోకూడదు. తల్లి పొదుపు సంఘంలో అంతర్గత అప్పుగా ఆరు వేలు, కుర్రాడు బయల్దేరే ముందే తీసుకుని అతని ఖాతాలో వేయడం అన్నిటికన్నా చౌక. సంఘం నెలవారీ సమావేశం తేదీ చూసుకుని, మార్చిలోనే సంఘాలను చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్)తో మాట్లాడి తీర్మానం రాయించాలి. మే నెలలో కుర్రాడు ఫోను చేశాక పరిగెత్తితే సమావేశం అయిపోయి ఉంటుంది, మిగిలేది రోజువారీ ఫైనాన్స్ ఒక్కటే. ఇంకో దారి, పదిహేనో రోజున రెండు వేల అడ్వాన్సు ఇచ్చేలా కంపెనీతో బ్యాచ్ మొత్తానికి ముందే మాట్లాడుకోవడం. పాతిక మందికి పైగా ఒకేసారి వస్తున్నారంటే హెచ్ఆర్ ఒప్పుకునే అవకాశముంది. ముగ్గురిని పంపి అడిగితే ఒప్పుకోరు.

చేరాక ఫోన్లు మూడో రోజు, పదో రోజు, ఇరవయ్యో రోజు, ముప్పయ్యో రోజు, జీతం పడిన మర్నాడు. "బాగున్నావా" అంటే "బాగున్నా" అంటాడు. "రాత్రి ఏం తిన్నావు, ఎవరు పెట్టారు, ఖాతాలో ఎంతుంది" అని అడగాలి. స్నేహితుడి దగ్గర తింటున్నానన్నాడంటే డబ్బు అయిపోయినట్లే, ఆ వారంలోనే ఏదో ఒకటి చేయాలి. ఈ ఫోన్లు ట్రైనర్ కన్నా అదే కంపెనీలో పనిచేస్తున్న పాత బ్యాచ్ కుర్రాడు చేస్తే నిజం చెబుతారు. అతనికి నెలకు రీచార్జి డబ్బులు ఇవ్వాలి, ఊరికే చేయించుకోకూడదు.

డబ్బు సర్దినా కొందరు వస్తారు. నైట్ షిఫ్టు పడదు, తండ్రికి జబ్బు చేస్తుంది. వాళ్లను తిట్టి ఫోను పెట్టేస్తే రెండో అవకాశం పోతుంది. ఫైలు తెరిచే ఉంచి తర్వాతి కంపెనీకి పిలవాలి.

రొయ్యల గుంటల దగ్గర

తిరిగొచ్చిన వాళ్లలో కొందరు నిజానికి ఖాళీగా ఉండరు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద ఎలక్ట్రీషియన్లుగా తేలతారు. ఏరియేటర్ల మోటార్లు, స్టార్టర్లు, రాత్రి కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ మీదికి మార్చడం వాళ్ల పని. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గే వేళ ఏరియేటర్ ఆగితే గుంట మొత్తం పోతుంది కాబట్టి, పని తెలిసిన కుర్రాడిని రైతు వదులుకోడు. గుంట గట్టు మీదే గది, తిండి కూడా అక్కడే. అడ్వాన్సు, అద్దె అనే ఎడమే లేదు.

పథకం లెక్కలో మాత్రం ఈ ఉద్యోగం ఉద్యోగం కాదు. జీతం చేతికిస్తారు, చీటీ ఉండదు. అయినా ఆ కుర్రాడిని 70 శాతంలో చూపించాలని వేరే కంపెనీ పేరుతో కాగితాలు సృష్టించే కేంద్రాలు ఉన్నాయి, తనిఖీలో దొరికేవీ అవే. దానికి బదులు గుంట రైతుతో మాట్లాడి జీతాన్ని నెలనెలా బ్యాంకు బదిలీగా వేయించాలి, పని, జీతం, చేరిన తేదీ రాసిన ఉత్తరం తీసుకోవాలి. కనీసం మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ ఉత్తరం, గుంట దగ్గర తీసిన ఫోటో ఫైలులో పెట్టి, అధికారి ఒప్పుకుంటే ప్లేస్‌మెంటుగా, ఒప్పుకోకపోతే ఉన్నది ఉన్నట్టు రాయాలి. రైతుకు రెండు షరతులు చెప్పాలి. జనరేటర్ చేంజోవర్ స్విచ్‌కు ఎర్తు ఉండాలి. తడి గట్టు మీద సరఫరాకు ఆర్‌సీసీబీ ఉండాలి. ఇవి లేని గుంటకు కుర్రాడిని పంపకూడదు.